తిరస్కృత నమోదును భద్రపరచవలసిన ఆవశ్యకత

కర్నూలు జిల్లాలో గూడూరు ఒక మండల కేంద్రం. కృష్ణా జిల్లాలో ఒక గూడూరు, నెల్లూరు ప్రాంతంలో మరొకటి, తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఇంకొకటి ఉన్నాయి. కనుక పంటల డేటాబేస్‌లో ఊరి పేరు ఒక్కటే గుర్తింపుగా చాలదు. గ్రామ కోడ్, సర్వే నంబరు, సబ్‌డివిజన్, పంట కాలం కలిసినపుడే ఒక నమోదుకు ప్రత్యేక గుర్తింపు ఏర్పడుతుంది. అదే గుర్తింపుతో రెండవ వరుస చేరకుండా అడ్డుకొనే నియమమే యూనిక్ కన్‌స్ట్రెయింట్.

ఈ నియమం అవసరమనుటలో భిన్నాభిప్రాయం లేదు. అది ఉల్లంఘింపబడినపుడు మనమేమి చేస్తున్నామన్నదే ప్రశ్న. అట్టి సందర్భంలో పోస్ట్‌గ్రెస్ 23505, మైఎస్‌క్యూఎల్ 1062 అనే దోష సంఖ్యలను ఇస్తాయి. ఆ దోషాన్ని తప్పించుకొనుటకు ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’, ‘ఇన్సర్ట్ ఇగ్నోర్’ వంటి ఆదేశాలను వాడటం పరిపాటి. అప్పుడు పని ఆగదు, కాని రెండవ వరుస జాడ లేకుండా పోతుంది.

క్షేత్రస్థాయిలో ఇటువంటి ఉల్లంఘనలకు మూడు కారణాలుండవచ్చు. మొదటిది, సిగ్నల్ బలహీనత వలన ఒకే నమోదు రెండుసార్లు చేరడం; దీనిని విడిచిపెట్టుట సరియైనదే. రెండవది, వేరుశనగలో కందిని అంతర పంటగా వేయడం. కీలో పంట పేరు లేకున్న, న్యాయమైన రెండవ నమోదు తిరస్కరింపబడుతుంది. ఇచట దోషం కీ రూపకల్పనది, రైతుది కాదు. మూడవది, ఒకే భూమిపై యజమాని, కౌలు రైతు ఇరువురూ నమోదు కోరడం. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు పంటపై పదకొండు నెలల హక్కును గుర్తించింది. ముందుగా చేరిన వరుసయే సత్యమని యంత్రం నిర్ణయించరాదు. అది క్షేత్ర విచారణకు సంబంధించిన విషయం.

ఈ మూడింటికీ దోష సంఖ్య ఒక్కటే. తిరస్కృత వరుసను భద్రపరచకున్న వీటిని వేరుచేయుట అసాధ్యం. ధాన్యం కొనుగోలుకు ఈ-క్రాప్ నమోదు ఆధారం కనుక, జరిగిన నష్టం రైతుకు పంట చేతికి వచ్చిన తరువాతగాని తెలియకపోవచ్చు.

కావున ప్రతి ఉల్లంఘనకు సమయం, నమోదు చేసిన ఉద్యోగి, నియమం పేరు, తిరస్కృత వరుస, దానితో ఢీకొన్న పాత వరుస సంఖ్య లాగ్‌లో నిలవాలి. పోస్ట్‌గ్రెస్‌లో దోషం ఏర్పడిన ట్రాన్సాక్షన్ రద్దయినపుడు అందులోనే వ్రాసిన లాగ్ కూడా రద్దవుతుంది. కనుక లాగ్‌ను వేరొక ట్రాన్సాక్షన్‌లో వ్రాయాలి. ముందుగా వెదకి, లేనిచో చేర్చుట అనే పద్ధతి చాలదు. ఇద్దరు ఉద్యోగులు ఒకే క్షణంలో వెదకిన ఇద్దరికీ ‘లేదు’ అనే సమాధానం రావచ్చు. దోష సందేశంలో ఢీకొన్న విలువ యథాతథంగా కనిపించవచ్చు కనుక ఆధార్ సంఖ్య లాగ్‌లోకి చేరకుండా చూడాలి.

లాగ్ పెరిగిపోతుందన్న అభ్యంతరం ఉంది. అక్షరం తేడా లేని పునరావృతాలను లెక్కించి, సంఖ్యను మాత్రమే ఉంచవచ్చు. మిగిలినవి వారం వారం గ్రామ వ్యవసాయ సహాయకునికి విచారణ జాబితాగా చేరాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు నమోదైన విస్తీర్ణంతో పాటు తిరస్కృత నమోదుల సంఖ్యను, కారణాలను కూడా నివేదికలలో కోరాలి. ప్రయోగ క్షేత్రాలలో ప్లాటు, రెప్లికేషన్, తేదీల వారీగా దత్తాంశం సేకరించే విద్యార్థులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. డేటాబేస్ అంగీకరించిన వరుసలు మాత్రమే చూచి సాగు చిత్రాన్ని నిర్ణయించుట శాస్త్రీయం కాదు.