న్యూట్రినో పరిశోధనలో మన వాటా

2025 అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో న్యూట్రినోలపై కీలకమైన ఫలితం వెలువడింది. అమెరికాలోని నోవా, జపాన్‌లోని టీ2కే బృందాలు తమ డేటాను కలిపి విశ్లేషించి, న్యూట్రినోల ద్రవ్యరాశి వర్గాల (స్క్వేర్ల) మధ్య తేడాను రెండు శాతం లోపు అనిశ్చితితో తేల్చాయి. నోవాలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వాములు.

న్యూట్రినోలు మూడు రకాలు. ప్రయాణంలో ఒక రకం మరో రకంగా మారుతుంటుంది. ఈ డోలనం ఎంత జరుగుతుందన్నది దూరాన్ని, శక్తిని బట్టి ఉంటుంది. ఆ రెండూ మన అదుపులో ఉండాలంటే పుంజాన్ని మనమే తయారుచేసుకోవాలి. నోవా కోసం షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్‌లో ప్రోటాన్లను గ్రాఫైట్ లక్ష్యంపై కొడతారు. అప్పుడు పుట్టే పయాన్లు క్షయమై మ్యూయాన్ న్యూట్రినోలను ఇస్తాయి. వాటికి సొరంగం అక్కర్లేదు. నేల గుండానే 810 కిలోమీటర్లు దాటి, మిన్నెసోటాలోని 14,000 టన్నుల డిటెక్టర్‌ను చేరతాయి. బయల్దేరిన చోట, చేరిన చోట లెక్క పోల్చితే ఎన్ని మారాయో తెలుస్తుంది. దారిలోని రాతిలో ఉన్న ఎలక్ట్రాన్లు కూడా ఈ మార్పును ప్రభావితం చేస్తాయి. దూరం పెరిగేకొద్దీ ఆ ప్రభావం స్పష్టమవుతుంది. టీ2కే దూరం 295 కిలోమీటర్లే. అందుకే రెండింటినీ కలిపి చూడటం మేలు చేసింది. అయినా మూడు న్యూట్రినో ద్రవ్యరాశుల వరుస ఇంకా తేలలేదు. విశ్వంలో ప్రతిపదార్థం కనుమరుగై పదార్థమే ఎందుకు మిగిలిందన్న ప్రశ్నా ఈ డోలనంతో ముడిపడి ఉంది. 1,300 కిలోమీటర్ల డ్యూన్ ప్రయోగం ఈ జవాబుల కోసమే సిద్ధమవుతోంది.

ఈ రంగం మనకు కొత్త కాదు. వాతావరణ న్యూట్రినోల జాడ ప్రపంచంలో తొలిసారి దొరికిన చోట్లలో కోలార్ బంగారు గనులు ఒకటి. అది 1965 మాట. ఆ వారసత్వంతో తమిళనాడులోని తేనిలో తలపెట్టిన భూగర్భ పరిశోధనాలయానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. స్థానికుల ఆందోళనలు, కోర్టు కేసులతో అది ఆగిపోయింది. ప్రజల సందేహాలకు ముందే, వారి భాషలోనే జవాబు చెప్పాలన్నది ఇందులోని గుణపాఠం.

ఇలాంటి ప్రయోగాలకు దశాబ్దాలు పడతాయి. డ్యూన్ డేటాను విశ్లేషించేది మధిర, ఖమ్మం, భద్రాచలం కాలేజీల్లో ఇప్పుడు ఎంపీసీ చదువుతున్న తరమే. వారు పరిశోధన దాకా చేరాలంటే రాష్ట్ర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో ఖాళీ పోస్టులు నిండాలి, ల్యాబులు పనిచేయాలి, ఫెలోషిప్‌లు నెలనెలా అందాలి. అంతర్జాతీయ ప్రయోగాల్లో సంపాదించుకున్న చోటు నిలబడాలంటే ప్రభుత్వాలు ముందుగా ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.