రాజీనామా ఈ జబ్బుకు మందు కాదు

షోలాపూర్‌లోగాని, భివండీలోగాని మన మగ్గాల వాడల్లో ఎవరికైనా గుండెజబ్బు వస్తే పదిమందికీ చెప్పుకుంటాం. మనసుకు జబ్బు వస్తే మాత్రం తలుపు వేసుకుంటాం. మనవాళ్ళ ఉద్యోగాలు ఆ మూసిన తలుపు వెనుకే పోతున్నాయని మా అభిప్రాయం.

స్కిజోఫ్రీనియా ఎక్కువగా పద్దెనిమిదికీ ముప్ఫైకీ నడుమ మొదలవుతుంది. అది పని నేర్చి పర్మినెంటు అయ్యే వయసు. ఎవరూ అనని మాటలు వినబడతాయి. తోటివారిమీద అనుమానం, కంటికి కునుకు ఉండదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, పెళ్ళి చేస్తే కుదురుతుందంటారు. ఈలోగా నాగాలు పెరిగి చార్జిషీటు వస్తుంది. పరువు పోతుందని చివరకు ఇంటివారే రాజీనామా పెట్టిస్తారు. సాంచాలు నడిపిన మనిషి కండెలు చుట్టే పనికి దిగుతాడు. భార్య బీడీల కూలితో ఇల్లు నడుస్తుంది. కొడుకు బడి మానేస్తాడు. జబ్బు ఒక్కరికే వచ్చినా దిగజారేది ఇల్లంతా.

ఆ ఇల్లే అతన్ని నిలబెట్టనూ గలదు. తిట్లూ ఎత్తిపొడుపులూ ఉన్నచోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువని మొదట లండన్‌లోను, తర్వాత చండీగఢ్‌లోను జరిగిన పరిశోధనల్లో తేలింది. వేళకు మందు, ఓపికగల మాట ఉంటే చాలామంది తిరిగి పనిలోకి రాగలరు.

ఇ.ఎస్.ఐ. దీర్ఘవ్యాధుల జాబితాలో ఈ జబ్బు ఉంది. రెండేళ్ళ సర్వీసు, తగినన్ని చందా రోజులు ఉన్నవారికి 91 రోజుల మామూలు జబ్బు భత్యం అయిపోయాక, వేతనంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ళదాకా భత్యం పొడిగించవచ్చు. కనుక డాక్టరు సర్టిఫికెట్టు వెంటనే అందజేయండి. యూనియన్‌కు చెప్పకుండా ఏ కాగితంమీదా సంతకం పెట్టకండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థలు తీసివేయరాదు. ప్రైవేటు మిల్లుల్లో అంత గట్టి రక్షణ లేదు. హాజరు పట్టీలో పేరే లేని పవర్‌లూమ్ కార్మికునికి ఇ.ఎస్.ఐ. కూడా అందదు. అందుకే పేరు ఎక్కించడం మన మొదటి పోరాటం. కోలుకున్నవారికి రాత్రి షిఫ్టు తప్పించాలి, మందు మత్తు ఉన్నన్నాళ్ళు తిరిగే యంత్రం దగ్గర పెట్టకూడదు. ఈ రెండూ మన డిమాండ్లలో చేరాలి.

సలహా కావలసినవారు 14416 టెలి మానస్‌కు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు. సోదర సోదరీమణులారా, పక్క సాంచా మనిషి వరుసగా నాగాలు పెడుతుంటే పిచ్చివాడని నవ్వకండి. వాళ్ళింటికి వెళ్ళి తలుపు తట్టండి.