ముందు చెప్పనివ్వండి, తర్వాత రాయించండి

రాయమంటే మొండికేసే పిల్లలు లేని ఊరు లేదు. కథ చెప్పమంటే గంటసేపు చెబుతారు, చూసొచ్చిన సినిమాను పాటలతో సహా అప్పజెబుతారు. అదే నోటుబుక్కు ముందుపెట్టి నాలుగు వాక్యాలు రాయమంటే పెన్సిలు చెక్కుతూ కూర్చుంటారు. అలాంటి పిల్లలకు ఏ పుస్తకం కొనాలి, ఏ పద్ధతి ఎంచుకోవాలి? హైదరాబాదులో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు విదేశీ రైటింగ్ కోర్సుల్లో ఏది మేలో బేరీజు వేసుకుంటున్నారు. వనపర్తి జిల్లా అమరచింత లాంటి చోట పిల్లలు బడికే పోతారు. అక్కడ ఇంటి చదువంటే సాయంత్రం హోంవర్కు, ట్యూషన్, వేసవి సెలవుల్లో ఒక కాపీరైటింగ్ పుస్తకం. పరిస్థితులు వేరైనా రెండు చోట్లా జరిగే పొరపాటు ఒకటే. పిల్లలు రాయడం లేదంటే ఇంకాస్త ఎక్కువ రాయించాలని అనుకుంటాం. రాతంటే ఇష్టం లేని పిల్లలకు మొదట కావాల్సింది తమ మాటను చివరిదాకా చెప్పుకునే అవకాశం. ఆ మాటను కాగితం మీద పెట్టడానికి తోడు ఆ తర్వాత కావాలి. ఈ వరుస పాటించే పద్ధతి ఏదైనా ఎంచుకోవచ్చు. పాటించనిది ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టాలి.

రాత ఎందుకంత కష్టమో ముందు ఒప్పుకోవాలి. రాసేటప్పుడు పిల్లలు రెండు పనులు ఒకేసారి చేస్తారు. ఏం చెప్పాలో వెతుక్కోవడం, మాటలు కూర్చుకోవడం, దేని తర్వాత ఏది రావాలో తేల్చుకోవడం ఒక పని. అక్షరం గుర్తు తెచ్చుకోవడం, గుణింతం, ఒత్తు సరిచూసుకోవడం, గీత మీద చెయ్యి నిలపడం రెండో పని. పెద్దలకు ఈ రెండోది అలవాటుగా జరిగిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు అలా కాదు. ‘కృష్ణకు నీళ్లొచ్చినయి’ అని నోటితో అనడానికి క్షణం చాలు. రాయాలంటే ‘క’ కింద సుడి పెట్టాలి, ‘ష’ కింద ‘ణ’ ఒత్తు ఇవ్వాలి, ‘నీళ్లు’లో ఏ ‘ళ’కు ఏ ఒత్తో తేల్చుకోవాలి. అది తేలేసరికి తర్వాత చెప్పాలనుకున్న మాట జారిపోతుంది. అక్షరాలు రాయడంలోనే శ్రమంతా ఖర్చయ్యే పిల్లలు తక్కువ రాస్తారని, రాసింది కూడా పేలవంగా ఉంటుందని అమెరికాలో వర్జీనియా బెర్నింగర్, స్టీవ్ గ్రాహమ్ వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. చేత్తో రాసినప్పటికంటే నోటితో చెప్పి రాయించినప్పుడు పిల్లలు ఎక్కువ చెబుతారని, ‘ఇంకా చెప్పు’ అని అడిగితే మరింత పొడిగిస్తారని కెనడా పరిశోధకులు కార్ల్ బెరైటర్, మార్లీన్ స్కార్డమాలియా 1987లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. కాగితం ఖాళీగా ఉందంటే బుర్ర ఖాళీగా ఉందని అర్థం కాదు. చెప్పాల్సింది ఉన్నా అది చేతిదాకా రావడం లేదు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇంట్లో పిల్లలకు చదువు చెప్పడం గురించి 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో విస్తారంగా రాసిన షార్లెట్ మేసన్, చిన్నపిల్లలకు వ్యాసరచన పెట్టొద్దన్నారు. చదివి వినిపించిన దాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించమన్నారు. ఇవాళ హోంస్కూల్ కుటుంబాలు వాడే కొన్ని కోర్సులు ఆ పునాది మీదే నడుస్తున్నాయి. న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్, ఏ మాట కావాలో ఒక్కొక్కరినీ అడిగి, ఆ మాటే కార్డు మీద రాసి వాళ్ల చేతికిచ్చేవారు. భయంతోనో ప్రేమతోనో ముడిపడిన మాటలు పిల్లలకు ఇట్టే పట్టుబడతాయని 1963లో వచ్చిన తన ‘టీచర్’ పుస్తకంలో చెప్పారు. మన నేలకైతే ఇది మరీ పాత సంగతి. గద్వాల సంస్థానంలో కార్తీక, మాఘ మాసాల్లో పండితసభలు జరిగేవి. అమరచింత సంస్థానానికి రాజధాని అయిన ఆత్మకూరులోనూ కవులకు ఆదరణ ఉండేది. అవధానాలకు పేరుపొందిన తిరుపతి వేంకట కవులు ఈ రెండు చోట్లకూ వచ్చారు. అవధాని కలం పట్టడు. పద్యం నోటితో కూరుస్తాడు, రాసుకునేవాళ్లు వేరే ఉంటారు. అంతటి కవులకు తప్పు కాని ఏర్పాటు మూడో తరగతి పిల్లకు తప్పెలా అవుతుంది?

ఇంట్లో ఇది ఎలా నడుస్తుందో చూడండి. అమరచింతలో మగ్గం ఉన్న ఇంటి పిల్లకు ‘నేత పని’ మీద వ్యాసం రాయమంటే ‘మన దేశంలో చేనేత ప్రాచీనమైన వృత్తి’ అన్న వాక్యం దగ్గర ఆగిపోతుంది. అది గైడులో వాక్యం. దాని బదులు ‘పాత పడుగు అయిపోయినంక ఏం చేస్తరు?’ అని అడగండి. కొత్త పడుగు ఎట్లా తెస్తారో, ఒక్కొక్క పోగునూ పాత పోగుకు ఎట్లా అతుకుతారో, ఆ పని ఎవరి చేతిలో తొందరగా అవుతుందో, అతికేటప్పుడు పిల్లల్ని దగ్గరికి ఎందుకు రానివ్వరో చెబుతుంది. పక్కన ఎవరో ఒకరు, అన్నో అక్కో, ఆ మాటల్ని ఉన్నవున్నట్టు రాయాలి. తర్వాత పైకి చదివి వినిపించాలి. అప్పుడే అసలైన రచన మొదలవుతుంది. ‘నాడె గురించి చెప్పలే’, ‘అది ముందుగాల రావాలె’ అంటూ పిల్ల తన మాటను తనే దిద్దుకుంటుంది. చదివేవాళ్లకు మగ్గం తెలియకపోతే ‘అచ్చు’ అంటే ఏమిటో చెప్పాలని తనకే తోస్తుంది. చివర్న తనకు నచ్చిన రెండు వాక్యాలు తన చేత్తో రాసుకుంటుంది. ఆ పూటకు అంతే చాలు. కొన్ని వారాలయ్యాక రెండు నాలుగవుతాయి, నాలుగు పేరా అవుతాయి. పక్కన రాసిపెట్టే మనిషి క్రమంగా తప్పుకోవాలి.

పద్ధతిని ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇక్కడినుంచే వస్తాయి. అది పిల్లలచేత ముందు మాట్లాడిస్తుందా? పిల్లలకు తెలిసి, చదివేవాళ్లకు తెలియని విషయం అడుగుతుందా? దస్తూరీకి ఒక వేళ, రచనకు ఒక వేళ విడిగా ఉంచుతుందా? రాసిన దాన్ని మళ్లీ చదివి మార్చుకునే తీరిక ఇస్తుందా? ఈ నాలుగింటికీ అవునంటే పుస్తకం ఏదైనా పర్వాలేదు. నిజానికి మన తెలుగు పాఠ్యపుస్తకాల్లోనే ప్రతి పాఠం చివరా ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అన్న భాగం ఉంటుంది. సంభాషణ రాయండి, లేఖ రాయండి, కథ పొడిగించండి అని అడుగుతుంది. ఆ అడగడం మంచిదే. దానికీ గైడులో సిద్ధం చేసిన జవాబు ఉండటం, క్లాసంతా అదే ఎక్కించుకోవడం మాత్రం రచనను చంపేస్తున్నాయి. చూసి రాసిన జవాబుకు మార్కులు పడినంతకాలం సొంతంగా రాయడం అనవసరపు శ్రమ అని పిల్లలు తేల్చుకుంటారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది తెలివైన నిర్ణయమే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి జరుపుతున్న అసర్ సర్వే పల్లె పిల్లలు ఏ స్థాయిలో చదవగలరో, ఎలాంటి లెక్కలు చేయగలరో చూస్తుంది, సొంత రచనను పరీక్షించదు. ఎవరూ కొలవని నైపుణ్యం గురించి ఎవరూ అడగరు కాబట్టి ఇంట్లోవాళ్లే పట్టించుకోవాలి.

ఇలా అయితే తప్పులు ఎప్పుడు పోతాయి, వ్యాకరణం ఎప్పుడు వస్తుంది అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. దస్తూరీ, గుణింతాలు, ఒత్తులు తప్పకుండా నేర్పాలి, రోజూ కాసేపు సాధన చేయించాలి. చెయ్యి సాఫీగా నడిస్తేనే ఆలోచనకు చోటు దొరుకుతుందని పైన చెప్పిన పరిశోధనలే అంటున్నాయి. ఆ సాధనను, పిల్ల తన మాట రాసుకునే వేళను కలపకూడదు. కాగితమంతా ఎర్ర సిరాతో నింపితే పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, ఈసారి తక్కువ రాస్తే తప్పులు తక్కువ పడతాయని. ఒక్కో వారం ఒక్కో సంగతి పట్టుకుని దిద్దితే చాలు. నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు రచనా బోధన మీద జరిగిన అధ్యయనాలను కలిపి గ్రాహమ్, డొలోరస్ పెరిన్ 2007లో ఒక నివేదిక ఇచ్చారు. ప్రణాళిక వేసుకోవడం, రాసింది తిరగరాసుకోవడం నేర్పితే రచన బాగా మెరుగుపడుతుందని, వ్యాకరణాన్ని విడిగా రుద్దితే మేలు జరగదని అందులో తేలింది. అయితే ఎంత సాయం చేసినా అక్షరాలు కూడబలుక్కోవడమే గగనమయ్యే పిల్లలు కొందరుంటారు. వాళ్లది బద్ధకం కాదు. నేర్చుకోవడంలో ఎదురయ్యే ఇలాంటి ప్రత్యేక ఇబ్బందుల్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. అలాంటి పిల్లల్ని తిట్టకుండా నిపుణులకు చూపించాలి.

రెండో అభ్యంతరం భాష గురించి. ‘వచ్చిన్రు’, ‘పోతరు’ అని పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాస్తే పరీక్షలో మార్కులు పోవా? పరీక్షకు పరీక్ష భాష కావాలి, అది నేర్చుకోవాల్సిందే. అయితే పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) పిల్లకు సొంత ఆలోచన నడిచేది పాలమూరు మాటలోనే. మొదటి వాక్యం దగ్గరే ఆ మాట తప్పంటే, ఆలోచనే తప్పన్నట్టు పిల్లకు వినిపిస్తుంది. ముందు తన మాటలో రాసి, తర్వాత పుస్తక భాషలోకి మార్చుకుంటే రెండూ దక్కుతాయి. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. తెలుగులో వరుసగా చెప్పలేని సంగతిని ఏ పిల్లా ఇంగ్లీషులో రాయలేదు. అక్షరాలు మాత్రం దించుకుంటుంది. సొంత భాషలో పేరా కట్టడం వచ్చిన పిల్లకు రెండో భాషలో కొత్తగా కావాల్సింది ఆ భాష మాటలూ, వాక్యం తీరూ.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. తల్లిదండ్రులకే చదువు రాకపోతే ఇంట్లో రాత నేర్పేదెవరు? 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు, రాష్ట్రంలోనే అది అట్టడుగు. పని కోసం దూర నగరాలకు వలసపోయి, పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలిన ఇళ్లు పాలమూరులో ఎన్నో ఉన్నాయి. సరిగ్గా ఇలాంటి ఇళ్లకే ఈ వరుస పనికొస్తుంది. వర్క్‌బుక్కు దిద్దాలంటే అక్షరం రావాలి. పిల్ల చెప్పేది వినడానికి, ‘ఆ తర్వాత ఏమైంది? నాకు సమజ్ కాలే, మళ్లీ చెప్పు’ అనడానికి అక్షరంతో పనిలేదు. అవ్వ అడిగే ఆ ప్రశ్న ఏ కోర్సులోని ప్రశ్నకూ తీసిపోదు, ఎందుకంటే ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది. రాసిపెట్టడానికి పై తరగతి పిల్లలున్నారు, బడిలో టీచర్లున్నారు. పుణెలోనో ముంబైలోనో ఉన్న తండ్రికి ఫోనులో పంపిన మాటనే మర్నాడు కూర్చుని కాగితం మీద పెట్టవచ్చు. ఫోనే మాటను అక్షరాల్లోకి మారుస్తుంటే ఇక రాత ఎందుకంటారా? ఫోను మాటల్ని టైపు చేసి పెడుతుంది. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో, ఏది ముందు చెబితే ఎదుటివాళ్లకు అర్థమవుతుందో పిల్లే తేల్చుకోవాలి. రేపు మున్సిపల్ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలన్నా, బ్యాంకులో తన సమస్య వివరించాలన్నా కావాల్సింది ఆ నేర్పే.

చివరిగా, రాసిన దానికి చదివేవాళ్లు కావాలి. మార్కులేసే ఒక్క టీచరు తప్ప ఎవరూ చూడని కాగితం కోసం ఏ పిల్లా కష్టపడదు. ఇటలీలోని బార్బియానా అనే కొండపల్లెలో, బడుల్లో ఫెయిలై బయటపడ్డ రైతుల పిల్లలు కలిసి రాసిన ‘ఒక టీచరుకు లేఖ’ 1967లో అచ్చయింది, దాన్ని ప్రపంచమంతా చదివింది. ఒక్కో ఆలోచనను ఒక్కో చీటీ మీద రాసి, చీటీల్ని కుప్పలుగా పేర్చి, వాటినుంచి పేరాలు కట్టి, అనవసరమైన ప్రతి మాటా తీసేస్తూ వాళ్లు దాన్ని రాశారు. ఆ పద్ధతికి కాగితం ముక్కలు తప్ప ఖర్చు లేదు. మనకు దగ్గర్లోనే, అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రికలో పిల్లలు రాసిన కథలూ వేసిన బొమ్మలూ అచ్చయ్యాయి. సిద్దిపేట జిల్లా జక్కాపూర్ బడిపిల్లల కథలు పుస్తకంగా వచ్చాయి. వీటన్నిటికంటే ముందు గద్వాల ప్రాంతం బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఈ సంగతి రుజువు చేశారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన రచనలు పంపమని పిలుపునిచ్చారు, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. కవులు అంతకుముందూ ఉన్నారు. వాళ్లను అడిగి, అచ్చువేసే మనిషి దొరికాక లోకానికి కనిపించారు.

కాబట్టి రాయనంటున్న పిల్లకు ఈ వేసవిలో మరో కాపీరైటింగ్ పుస్తకం కొనే ముందు, ఒక నెల రోజులు రోజూ పావుగంట ఆ పిల్ల చెప్పేది వినండి, రాసిపెట్టండి, చదివి వినిపించండి. ఇంటి దగ్గర చదివించే కుటుంబాలు ఏ కోర్సు కొన్నా దాన్ని ఈ వరుసలోకి తిప్పుకోవచ్చు. బడులు వారంలో ఒక పీరియడు గైడు మూయించి, పిల్లలు చెప్పిన ఊరి సంగతులను గోడపత్రికగా పెట్టవచ్చు. అమరచింత మగ్గాల గురించి, జూరాల ప్రాజెక్టు నీళ్ల గురించి, ఇంట్లోవాళ్ల వలస గురించి రాయాల్సింది చాలా ఉంది, అది తెలిసిన పిల్లలూ ఉన్నారు. వాళ్లు రాయరని నింద వేసే ముందు, వాళ్లను అడగాల్సిన బాధ్యత పెద్దలది.