అగడ్త పూడ్చాక ఏడ్చి లాభం లేదు

సఫోక్‌లోని తోటి తెలుగువారికి,

మొన్న మా ఊరి శివారు అగడ్తలో ఒక పక్కను జేసీబీ ఒక్క పూటలో పూడ్చేసింది. మనుషులు పలుగూ పారా పట్టి తవ్వింది, ఏడు వందల ఏళ్లు నిలిచింది. ఫోన్ చేసి అడిగితే “అది రక్షిత జాబితాలో లేదండీ” అన్నారు. అంతే, పని అయిపోయింది.

ఇంగ్లండ్‌లో ఇలాంటివి సుమారు 6,000 ఉన్నాయి. చాలావరకు 1250–1350 మధ్య బంకమట్టి నేలల్లో తవ్వినవే. రాజుల కోటలు కావు. చిన్న దొరలు, కలిగిన రైతులు దర్జాకూ, దొంగల భయానికీ, చేపలకూ ఇంటిచుట్టూ తవ్వించుకున్నారు. ఇళ్లు పోయాయి; దిబ్బా, గట్టూ, నీరూ మిగిలాయి. గాలి తగలని ఆ బురదలో నాటి చెక్క, తోలు, గింజలు కుళ్లకుండా ఉంటాయి. నీరు తీసేశారా, అవీ పోతాయి.

అసలు మోసం చట్టంలోనే ఉంది. 1979 పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత జాబితాకెక్కిన చోట మట్టి కదపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కానీ ఆ చట్టం కింద వచ్చిన 1994 ఉత్తర్వు చూడండి: ముందునుంచీ దున్నుతున్న నేలైతే మళ్లీ అడగకుండానే దున్నుకోవచ్చట! ఇదేం రక్షణ? నిన్న గాయపరిచినవాడికి రేపూ గాయపరిచే హక్కు రాసిచ్చారు. ఏటా నాగలి ఒక పొర గీసుకుపోతుంది. గట్టు కరుగుతుంది, గుంట నిండుతుంది, చివరికి చదునైన చేను. జాబితాకెక్కనివాటి గతి ఇంకా హీనం; దుక్కికి ప్లానింగ్ అనుమతే అక్కర్లేదు. యుద్ధం తరవాత నేల దున్నమనీ, నీరు తీయమనీ గ్రాంట్లు పంచింది ఈ ప్రభుత్వాలే. కడగాల్సిన పాపమూ వాటిదే.

రైతు బతకొద్దా అంటారు. బతకాలి, పరిహారమిచ్చి నాగలి ఆపండి. మనకెందుకు అంటారా? ఓరుగల్లు మట్టికోట గట్టెక్కి ఆడుకుని పెరిగినవాణ్ణి నేను. ఇక్కడ పన్ను కడుతున్నాం, పిల్లల్ని ఇక్కడి బడికి పంపుతున్నాం. భారత పాస్‌పోర్టు ఉన్నా ఇక్కడ మనకు ఓటుంది. ఇక ఈ మట్టి మనది కాదని ఏ నోటితో అంటాం?

నేల ఎత్తుపల్లాలు చూపే ప్రభుత్వ లైడార్ పటాలు ఉచితం. మీ ఊరి చుట్టూ నలుపలకల గుంట కోసం వెతకండి. దొరికితే జాబితాలో చేర్చమని హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థకు ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. 1994 ఉత్తర్వులో ఆ మినహాయింపు ఎత్తేయమని మీ ఎంపీకి రాయండి. శరత్కాలపు దుక్కులు మొదలయ్యేలోపు, ఈ ఆదివారమే రాయండి.