నాడి తప్పినా పట్టించుకోరా?

2022 ఫిబ్రవరి 21న రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతంరెడ్డి 50 ఏళ్ల వయసులోనే గుండెపోటుతో మరణించినపుడు నెల్లూరు జిల్లా యావత్తూ దిగ్భ్రాంతి చెందింది. గుండెపోటంటే అందరికీ భయమే. కాని గుండెదడ వస్తే మాత్రం ‘వాయువు’ అనుకుని సోడా తాగి సరిపెట్టుకునే వారు ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఇది శోచనీయం.

గుండె పైగదులు క్రమంగా ముడుచుకొనక వణకడాన్ని డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అపుడు నాడి ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన లేకుండా కొట్టుకుంటుంది. పెద్ద వయసు, బి.పి., థైరాయిడ్ జబ్బు, చిన్ననాటి కీళ్లజ్వరం వల్ల చెడిన కవాటాలు ఇందుకు ముఖ్య కారణాలు. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. ఈ దడకూ గుండెపోటుకూ కూడా సంబంధం ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

గుండెపోట్లన్నీ ఒకటి కావు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే సాధారణంగా ఇ.సి.జి.లోనే తెలుస్తుంది. మరో రకంలో నాళం పూర్తిగా మూసుకుపోదు. ఇ.సి.జి. మామూలుగానే ఉండవచ్చు. ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తే గాని బయటపడదు. అమెరికాలో 14 వేల మందికి పైగా పరిశీలించి 2015లో వెలువరించిన ‘ఎరిక్’ పరిశోధనలో, ఈ దడ ఉన్నవారికి గుండెపోటు ముప్పు ఎక్కువనీ, అది ఈ రెండవ రకంలోనే కనిపించిందనీ, స్త్రీలలో మరింత అధికమనీ తేలింది. కాలువకు అడ్డం పడినా, ఎండలు ముదిరి మడికి నీరు చాలకపోయినా పైరు ఎండక మానదు. గుండె నిమిషానికి 150 సార్లు పరుగెత్తితే దాని కండరానికి అందే రక్తమూ అలాగే చాలదు. అరుదుగా గడ్డ గుండె నాళంలోకే పోయి అడ్డం పడవచ్చు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి రకానికే పనికివస్తుంది. కనుక ఇంజెక్షన్ ఉన్నదన్న ధీమా తగదు. ఒక్క ఇ.సి.జి. బాగున్నదని నొప్పి తగ్గని రోగిని ఇంటికి పంపడమూ తగదు.

వైద్య శిబిరాలలో బి.పి., షుగర్‌లతో పాటు ప్రతి పెద్దవారి నాడినీ నిండు నిమిషం పట్టి చూడాలి. తేడా ఉంటే ఇ.సి.జి. తీయాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలను రోగులు సొంతంగా మానరాదు. వార్ఫరిన్ వాడేవారికి తరచు రక్తపరీక్ష అవసరం. అందుకోసం మైపాడు, కోడూరు తీరంవారు నెల్లూరు రావలసివస్తే ఒకరోజు కూలి పోయినట్లే. ఆ పరీక్ష దగ్గరి ఆసుపత్రిలోనే జరిగే ఏర్పాటు ఎంతైనా అవసరం.

నాడి చూడడానికి యంత్రం అక్కరలేదు. ఆరోగ్యశాఖ అధికారులు ఈ విషయమై వెంటనే దృష్టి సారించాలి.