గంటల లెక్కయా, గుత్తయా?



ఒంగోలు నుండి యొక సోదరి వ్రాసిన జాబు మా యెదుట నున్నది. యంత్రముల వాడుక తెలుపు పుస్తకములను తెలుగున వ్రాయు పని యామెకు ఇంటియొద్దకే వచ్చినదట. పని యిచ్చువారు పుస్తకమునకింతయని గుత్త మాటాడుకొందమనుచున్నారు. గంటల లెక్కన నడుగుమని తమ్ముడు చెప్పుచున్నాడు. ఏది మేలని యామె ప్రశ్న. మేమును నాలుగేండ్లుగా నిట్టి పనియే చేయుచున్నాము గావున మాకు తెలిసినది చెప్పెదము.

ముందు మన చేలను చూతము. మిరప తొలి కోతకు కాయ విరివిగా నుండును. ఆనాడు కూలికి వచ్చిన స్త్రీలు కిలోల లెక్కన కోసెదమందురు. ఆసామి రోజుకూలి యిచ్చెదననును. చివరి కోతకు కాయ పలుచబడును. అప్పుడు వారే రోజుకూలి కావలెనందురు. ఆసామి కిలోల మాట యెత్తును. పత్తితీతయు నింతే. చేను నిండుగా నున్నచో తూకము, ఎంత తిరిగిన నెంత దొరకునో తెలియనిచో రోజుకూలి, ఇది వారి లెక్క. వారు చేను చూచి బేరమాడుదురు. మనము కాగితము విప్పి చూడకయే సరేయందుము. తూకపుకోత తొందరలో పచ్చికాయయు తాలును కలిసి గుంటూరు యార్డులో ధర తగ్గునని ఆసామి గోడు, అదియు నిజమే.

వ్రాతపనికిని తూకము కొత్త కాదు. తాళపత్రముల నాడు 32 అక్షరములను ఒక గ్రంథమని లెక్కించి లేఖకులకు ప్రతిఫలమిచ్చెడివారు. చూచి వ్రాయుటకా కొలత చక్కగా సరిపోవును. విషయము తెలిసికొని కొత్తగా కూర్చుటకు సరిపోదు.

మా సంగతి వినుడు. పురుగుమందు డబ్బాతో నొక కరపత్రముండవలెనని 1971 నాటి నియమములు చెప్పినవి. ఏ పైరున కెంత మోతాదు, విషము సోకినచో నేమి చేయవలెను, ఖాళీ డబ్బా నేమి చేయవలెను, అన్నియు నందుండవలెను. అట్టిదొకటి 1,500 రూపాయల గుత్తకు ఒప్పుకొని 6 గంటలలో వ్రాసి పంపితిమి. అది నాలుగుమారులు తిరిగివచ్చినది. ఒకమారు పైరు మారినది, ఒకమారు అధికారియే మారినాడు. మొత్తము 19 గంటలు. గంటకు 79 రూపాయలైనను పడలేదు.

దానికంటె మమ్ము బాధించినది వేరొకటి. మూలములో మోతాదు హెక్టారు లెక్కన నున్నది. మన రైతు ఎకరమునకు 200 లీటర్ల నీరు, 16 లీటర్ల ట్యాంకు అని లెక్కించును. ఒక సాయంకాలమంతయు కూర్చుండి లెక్క కట్టి, సరిచూడుడని కంపెనీ శాస్త్రజ్ఞునకు పంపితిమి. గుత్తలో నా సాయంకాలమునకు చోటు లేదు. విడిచిపెట్టిన నడుగువారును లేరు. కాని యా కాగితము చదివి మందు కలుపువారు మన యూరి పిల్లలే.

అటుపిమ్మట మరియొకరితో గంటకు 200 రూపాయలని మాటాడుకొంటిమి. మొదటి పత్రమునకు 9 గంటలు పట్టినది. నాలుగవది, చేయి తిరిగినందున, 4 గంటలలో ముగిసినది. పని మెరుగుపడెను, రాబడి సగమునకు దిగెను! పైగా మొదట నిన్ని గంటలేలయని ప్రశ్న. పాలు పొంగిన నిముసములు ఎవరి పద్దున వ్రాయవలెనో మాకు నేటికిని తెలియలేదు.

ఇప్పుడు మేము తెలియని పనికి గంటల లెక్కన, తెలిసిన పనికి గుత్తకు ఒప్పుకొనుచున్నాము. గుత్త చెప్పుటకు ముందు ఒక పుట వ్రాసి గడియారము చూచుకొందుము. పుటలెన్ని, దిద్దుబాట్లు రెండు, ఆపైన గంటల లెక్క యని కాగితముపై వ్రాయించుకొందుము. మా వారు బడిపంతులుగారు గనుక పద్దు పుస్తకము తప్పనిచ్చువారు కారు. తూకముపై కూలి యిచ్చినను రోజు కనీసకూలికి తగ్గరాదని 1948 నాటి కనీస వేతనముల చట్టమున 17వ నిబంధన యుండెను. అది కొలువులోనివారికి. ఇంట గుత్త పట్టు మనకు అట్టి రక్షణ లేదు గావున ఇంతకు దిగరాదను గీత మనమే గీసికొనవలెను.

ఒంగోలు సోదరి తనకు వచ్చిన యంత్రమును ఇంకను కంటితో చూడనే లేదట. మొదటి పుస్తకమునకు గంటల లెక్కయే అడుగుమని, వీలైన యంత్రము ముందొకమారు చూపుమనుమని యామెకు వ్రాసితిమి. అదే కంపెనీ రెండవ పుస్తకమిచ్చినపుడు గుత్త మాటాడవచ్చును.