సీసాపై పేరు, సీసాలోని కణము
అన్యనామములతో పరిశోధనాలయములందు చెలామణి యగుచున్న కణవంశముల అంతర్జాతీయ పట్టిక 500 దాటి ఇంకను పెరుగుచున్నది. 1951లో హెన్రియెటా లాక్స్ అను రోగిణి కంతినుండి గ్రహించిన హేలా కణములు, వేర్వేరు దేహములవని నమ్మిన 18 కణవంశములను ఆక్రమించినవని స్టాన్లీ గార్ట్లర్ 1966లోనే ప్రకటించియుండగా, నేటికిని ఈ దోషము తొలగకుండుట మిక్కిలి శోచనీయము. పిపెట్టు మొనను అంటిన ఒక్క బిందువు చాలును; వడిగా పెరుగు హేలా అసలు కణమును మ్రింగివేయును, సీసాపై చీటీ మాత్రము మారదు. ‘చాంగ్ లివర్’ అని పేరొందిన కణవంశము వాస్తవమునకు హేలాయే; దానిని కాలేయమని నమ్మి పరీక్షించిన ఔషధము కాలేయమును ఎరుగనే ఎరుగదు, ఆ పొరపాటు మూల్యమును తుదకు చెల్లించునది రోగియే. పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధనాలయపు జన్యుబ్యాంకులో జొన్నగింజకు సైతము సంఖ్యయు పుట్టినచోటును వ్రాసి భద్రపరచుచున్నారు. నకిలీ విత్తు చేసిన చేటును పొలమున చూచిన ఈ సీమలో, కంది గ్రామమందలి ఐఐటీ మొదలు ఔషధ కర్మాగారముల వరకు, మానవకణమునకును ఆపాటి శ్రద్ధ చెల్లవలెను. శాస్త్రజ్ఞుడు లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల విద్యను నెలకొల్పిన హైదరాబాదు చేరువనే యున్నది గదా! కణము చేతికందిన నాడును, ఫలితము ప్రకటించు ముందును డీఎన్ఏ గుర్తులతో కణము ఎవరిదో తేల్చు ఎస్టీఆర్ పరీక్ష జరుపవలెను. ఆ వ్యయమును నిధులలోనే చేర్చి, ధ్రువపత్రము లేని పరిశోధనకు సంస్థలు ధనమీయరాదు. తన సీసాలోని పొరపాటును తానే కనుగొని చెప్పిన విద్యార్థిని మందలింపక, అతని పట్టమునకు గడువు పెంచవలెను.